రివర్సు లైట్లు వెలగడం లేదు: మా పాత కారు డైరీ

మార్చి 1, శనివారం

మా కారు రిజిస్ట్రేషన్ 2010 ఏప్రిల్‌లో అయింది. సొంత బండికి ఇచ్చే 15 ఏళ్ల గడువు వచ్చే నెలతో సరి. ఇంకో 5 ఏళ్లు నడుపుకోవాలంటే ఫారం 25 పెట్టి, బండిని ఆర్టీఓ ఆఫీసుకి తోలుకెళ్లి చూపించాలి. అక్కడ లైట్లన్నీ వేయించి చూస్తారు. ముందే మనం చూసుకుంటే పోలా అని ఈ సాయంత్రం నాన్నని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, నేను బండి చుట్టూ తిరిగాను. హెడ్‌లైట్లు సరే, ఇండికేటర్లు సరే, బ్రేకు లైట్లు సరే.

"రివర్సు వెయ్యి నాన్నా."

"వేశాన్రా."

వెనకాల చీకటి.

"పడిందా?"

"పడిందిరా. గేరు వెయ్యడం కూడా నువ్వే నేర్పుతావా ఇప్పుడు?"

ఎడమా లేదు, కుడీ లేదు. ఎప్పుడు పోయాయో నాకు తెలీదు. తన కారు రివర్సు లైటు తనే చూసుకునే డ్రైవరు ఎవరుంటారు చెప్పండి. బ్రేకు లైటు పోతే వెనకొచ్చే ఆటోవాడు తిట్టైనా చెబుతాడు. దీనికి ఆ భాగ్యం కూడా లేదు.

అప్పుడు ఇంకోటి గుర్తొచ్చింది. ఈ బండికి వెనక పార్కింగ్ సెన్సార్లున్నాయి. కంపెనీ ఇచ్చినవి కావు. కొత్త కార్లకి అవి తప్పనిసరైంది 2019 జులై 1 నుంచి. మాది అంతకుముందుది, పాత ఓనరు బయటెక్కడో పెట్టించుకున్నాడు. కార్తీక మాసంలో ఆ సెన్సారు కూత మానేసింది. చవక సరుకు, పోయుంటుందిలే అనుకుని వదిలేశాను. ఇప్పుడు తడితే తెలిసింది: బయట పెట్టించిన సెన్సారు డబ్బాకి కరెంటు ఎక్కణ్ణుంచి ఇస్తారు? రివర్సు లైటు వైరు నుంచే. రివర్సు వేస్తేనే అది మేలుకోవాలి కదా మరి. అంటే నాలుగు నెలల కిందటే బండి నాకు చెప్పింది, నేనే వినలేదు.

రాత్రి భోజనాలయ్యాక డిక్కీ తెరిచి లైట్లు రెండూ ఊడదీశాను. ఒక్కోదానికి రెండు స్క్రూలు. హోల్డరు కొంచెం తిప్పితే చేతికొచ్చేస్తుంది. లోపల 21 వాట్ల బల్బు, ఒకటే ఫిలమెంటు. రెండిటినీ నేరుగా బ్యాటరీ మీద పెట్టి చూస్తే భేషుగ్గా వెలిగాయి. ఊరికే సరదాకి మీటరుతో ఫిలమెంటు కూడా కొలిచాను: మీటరు తీగల సొంత లెక్క తీసేస్తే 0.6 ఓమ్. వెలిగేటప్పుడు అదే ఫిలమెంటు 7 ఓమ్‌ల దాకా పోతుంది. 12 వోల్టుల మీద 21 వాట్లంటే 1.75 ఆంపియర్లు, లెక్క వేసుకోండి. చల్లగా ఉన్నప్పుడు కొలిచి "ఇదేంటి, షార్టా?" అని కంగారు పడేవాళ్లు చాలామందే ఉంటారు. ఒకప్పుడు నేనూ పడ్డాను.

ఫ్యూజు సంగతి. మా బండిలో ఇండికేటర్లకీ రివర్సుకీ ఒకటే ఫ్యూజు. ఇండికేటర్లు వెలుగుతున్నాయి కాబట్టి ఫ్యూజు మంచిదే. అయినా చెయ్యి ఊరుకోదుగా, పీకి చూశాను. నీలం రంగు, 15 ఆంపియర్లు, లోపలి తీగ నిక్షేపంగా ఉంది.

మార్చి 2, ఆదివారం

పొద్దున్నే కాఫీ తాగుతూ పాత కేలండరు వెనకాల కరెంటు దారి గీసుకున్నాను. బ్యాటరీ, తాళం, ఫ్యూజు, గేరుబాక్సు మీదుండే రివర్సు స్విచ్చు, అక్కణ్ణుంచి కారు పొడుగునా వెనక్కెళ్లే ఎర్ర వైరు, డిక్కీ దగ్గర అది రెండు పాయలు, రెండు బల్బులు, చివరికి ఎర్తు, అంటే కరెంటు కారు బాడీలోంచి బ్యాటరీ మైనస్‌కి తిరిగెళ్లే దారి. ఇంత దారిలో ఎక్కడ తెగినా చీకటే. ఈ చివర మొదలెట్టి ఆ చివరిదాకా వెతుక్కుంటూ పోతే ఆదివారం చాలదు. మధ్యలో పట్టుకోవాలి. మధ్యలో చెయ్యి అందే చోటు గేరుబాక్సు స్విచ్చు. అక్కడ చూస్తే రోగం ముందు సగంలో ఉందా, వెనక సగంలో ఉందా తేలిపోతుంది.

ఎయిర్ ఫిల్టరు డబ్బా తీస్తే గానీ ఆ స్విచ్చు కనపడదు. దానికి రెండు వైర్ల కప్లర్, అంటే ఊడదీసే ప్లగ్గు. పదిహేనేళ్ల మట్టి గడ్డకట్టి, లాక్కునే నొక్కు ఎక్కడుందో కూడా తెలీకుండా ఉంది. పాత టూత్‌బ్రష్షూ కాస్త పెట్రోలూ పెట్టి కడిగాక వచ్చింది.

తాళం ఆన్ చేసి, ఇంజను వెయ్యకుండా, టెస్ట్ ల్యాంపు (కరెంటు ఉందో లేదో చూసే తీగల బల్బు) మొసలి క్లిప్పు ఇంజనుకి తగిలించి కప్లర్ లోపల ఒక్కో పిన్నూ తాకాను. ఒకదాని మీద ల్యాంపు వెలిగింది. అంటే ఇక్కడిదాకా దారి శుభ్రం.

ఇప్పుడు అసలు పరీక్ష. స్విచ్చు చేసే పనల్లా రివర్సు పడినప్పుడు ఆ రెండు పిన్నుల్నీ కలపడం. ఆ పని నేనే చేస్తే? జానెడు వైరు ముక్క తీసుకుని, మధ్యలో చిన్న ఫ్యూజు కట్టి, కప్లర్ రెండు పిన్నులకీ వంతెన వేశాను. ఫ్యూజెందుకంటే, వెనకాల ఎక్కడైనా వైరు బాడీకి తాకుతూ ఉంటే ఈ ముక్క నా వేళ్ల మధ్యే ఎర్రగా కాలుతుంది. రూపాయి ఫ్యూజు పోతే పోనీ.

"నాన్నా, వెనక్కెళ్లి చూడు."

కాసేపు మాట లేదు. తర్వాత, "ఎడంపక్కది వెలిగిందిరా. అంటే... వెలిగినట్టే ఉంది."

వెళ్లి చూశాను. లాంతరు వత్తి బాగా తగ్గించినట్టుంది. ఎండపూట కావడంతో చెయ్యి అడ్డం పెట్టి చూస్తే గానీ తెలీడం లేదు. కుడిపక్క అసలేమీ లేదు. సెన్సారు కూతా లేదు.

"కొన్ని కార్లకి ఒకటే ఉంటుందిరా," అన్నాడు నాన్న. ఆయనన్నదీ నిజమే. ఆరు మీటర్ల లోపు బండ్లకి ఒక రివర్సు లైటు ఉంటే చాలని, రెండోది ఇష్టమైతే పెట్టుకోవచ్చని అంతర్జాతీయ నిబంధనల్లోనే ఉంది. అందుకే కొన్ని కార్లకి ఒకపక్క తెల్ల లైటు, రెండోపక్క ఎర్ర ఫాగ్ లైటు కనిపిస్తాయి. కానీ మా బండికి రెండో పక్కా తెల్ల గాజుంది, హోల్డరుంది, నేను నిన్న రాత్రి చేత్తో తీసిన బల్బుంది.

స్విచ్చుని విడిగా కొలిచాను. న్యూట్రల్‌లో ఓపెన్, అంటే దారి కలవలేదు, అది మామూలే. రివర్సు వేస్తే దాదాపు సున్నా రావాలి. ఒకసారి 40 ఓమ్‌లు వచ్చింది, గేరు కొంచెం కదిలిస్తే 200, ఇంకోసారి ఏమీ రాలేదు. స్విచ్చు పోయింది.

స్విచ్చు పోయింది సరే. మరి స్విచ్చు లేకుండా నేరుగా కలిపినా ఒక లైటు మినుకుమంటోంది, ఇంకోటి రావట్లేదు, దాని సంగతేంటి? ఇక్కడే చాలామంది స్విచ్చు కొనుక్కొచ్చి బిగించి, "ఇంకా రాలేదు, కొత్త స్విచ్చు కూడా బాగోలేదు" అని కొట్టువాడితో గొడవ పెట్టుకుంటారు. ఈ బండిలో రోగాలు కనీసం మూడు. ఆ మాట కేలండరు మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

కుడిపక్క ఎందుకు రావట్లేదో చూద్దామని, ముందు సెన్సారు డబ్బా ప్లగ్గు పీకేశాను. అదే కరెంటుని లాగేస్తోందేమోనని అనుమానం. వంతెన అలాగే ఉంచి, కుడి హోల్డరులో బల్బు తీసి మీటరు పెట్టాను. 12.1 వోల్టులు! కరెంటొస్తోంది, ఎర్తుంది, బల్బు మంచిది, మరింకేముంది, హోల్డరే చెడ్డదని తీర్మానించుకున్నాను. గంటసేపు ఆ హోల్డరుని ఎమరీ పేపరుతో రుద్దీ, రేకులు పైకి లాగీ, మెరిసేలా చేశాను. బల్బు పెట్టాను. చీకటి. తీసి కొలిస్తే 12.1. పెడితే చీకటి. మళ్లీ తీశాను, మళ్లీ పెట్టాను. మా అమ్మ కిటికీలోంచి చూసి, అన్నం చల్లారిపోతోందంది.

మధ్యాహ్నం మేస్త్రికి ఫోన్ చేశాను. "సముద్రం పక్కన ఊరండి, ఉప్పుగాలికి వెనక వైరింగంతా పోయుంటుంది. కిట్టే మార్చేద్దామండి, ఆరేడు వేలవుద్ది" అన్నాడు. ఆయన అన్నదాంట్లో ఉప్పుగాలి నిజం. మా కాకినాడలో ఇనుపగేటుకి ఏటా రంగెయ్యకపోతే మూడో ఏట గేటుండదు. కిట్టు సంగతి మాత్రం ఇంకో వారం చూద్దామనుకున్నాను.

సాయంత్రం సామాను సర్దుతుంటే మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ వచ్చి నిలబడ్డాడు. రోజూ రాత్రి నేను బండి వెనక్కి పెట్టేటప్పుడు "రండి, రండి, కుడికి కొయ్యండి, చాలు" అనేది ఆయనే. సంగతి చెప్పాను.

"ఆయ్, అదాండి. ఎడంపక్కది సంక్రాంతి దాకా వెలిగేదండి, కొడిగట్టిన దీపంలాగ. కుడిపక్కది అంతకన్నా ముందే పోయిందండి. ఆ పీప్ పీప్ సౌండు ఆగిపోయింది చూడండి, అప్పుడే."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీకు తెలుసనుకున్నానండి."

రెండు రోజుల పరీక్షలు చెప్పనిది ఒక్క మాటలో చెప్పేశాడు. కేలండరు మీద తేదీలు వేసుకున్నాను. కార్తీకంలో కుడి లైటూ సెన్సారూ ఒకేసారి పోయాయి, కాబట్టి ఆ రెండిటికీ కారణం ఒకటే, అదీ వైరు పాయలైన చోటు దాటాక. ఎడమది ఎప్పట్నుంచో నీరసంగా ఉంది, అది వేరే గొడవ. సంక్రాంతి తర్వాత స్విచ్చు పోయి ఆ మినుకు కూడా ఆగింది.

మార్చి 4, మంగళవారం

ఆఫీసు నుంచి వస్తూ మెయిన్ రోడ్డులో స్విచ్చు కొన్నాను, రాగి వాషరుతో కలిపి 340 రూపాయలు. కౌంటరు మీదే మీటరు పెట్టి, ముక్కు బొటనవేలితో నొక్కి చూశాను. కొట్టువాడికి అది నచ్చలేదు గానీ ఏమీ అనలేదు. 0.3 వచ్చింది. మీటరు తీగలు రెండూ ఒకదానికొకటి తాకించినా అంతే వస్తుంది, అంటే స్విచ్చు లెక్క సున్నా.

"బల్బులు కూడా ఎల్ఈడీ వేసెయ్యండి, తెల్లగా కొడతాయి" అన్నాడు. వద్దన్నాను. ఎల్ఈడీ మూడు నాలుగు వాట్లు మాత్రమే తాగుతుంది. అంత చిన్న కరెంటు ఎంత తుప్పు జాయింటులోంచైనా దూరిపోతుంది, ఎడమ లైటు ఇవాళే తెల్లగా వెలిగేది. రోగం మాత్రం లోపలే ఉండి, రేపు అదే జాయింటు మీద బ్రేకు లైటు ఆరిపోయేది. బాగయ్యాక కావాలంటే చూద్దాం.

బిగించే ముందు బ్యాటరీ మైనస్ ఊడదీశాను. స్విచ్చుకి 24 పానా కావాలి, మా ఇంట్లో లేదు. వీధి చివర లారీ షెడ్డులో అడిగి తెచ్చుకున్నాను. మా బండిలో స్విచ్చు గేరుబాక్సుకి పక్కన, కొంచెం కిందగా ఉంటుంది. ఊడదీయగానే ఆయిల్ కారుతుందని తెలుసు, అందుకే కొత్తది ఎడంచేతిలో రెడీగా పట్టుకుని, పాతది తీసి, వేలు అడ్డం పెట్టి, కొత్తది తిప్పాను. అయినా టీగ్లాసులో పావు వంతు పోయింది, సగం నా మోచేతి మీదే. గేరు ఆయిల్ వాసన ఒకసారి పట్టిందంటే రెండు రోజులు ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా తగులుతుంది.

రివర్సు వేస్తే ఎడమ లైటు లాంతరులా, కుడిది చీకటి. వంతెన వేసినప్పుడు ఎలా ఉందో అచ్చం అలాగే. ఇలా అనుకున్నట్టు సగమే రావడం కూడా సంతోషంగానే ఉంది.

మార్చి 5

ఏమీ చెయ్యలేదు. ఆ 12.1 వోల్టుల సంగతి బుర్రలో తిరుగుతూనే ఉంది. నిద్రపట్టే ముందు తట్టింది: నేను కొలిచింది బల్బు లేకుండా.

మార్చి 8, శనివారం

ముందుగా ఆ 12.1 పని పట్టాను. కుడి హోల్డరు రేకుల మీద ఈసారి మీటరు కాకుండా టెస్ట్ ల్యాంపు పెట్టాను. వెలగలేదు. ల్యాంపు తీసి మీటరు పెడితే 12.1. మీటరూ ల్యాంపూ కలిపి పెడితే మీటరు టక్కున సున్నాకి పడిపోయింది. అదీ సంగతి. మీటరు లోపల కోటి ఓమ్‌ల అడ్డం ఉంటుంది. అది అడిగే కరెంటు చీమ తాగే నీళ్లంత. వైరులో వెంట్రుక మందాన తుప్పు అంటుకుని ఉన్నా దానికి 12 వోల్టులు కనపడతాయి. బల్బుకి దాదాపు రెండు ఆంపియర్లు కావాలి, ఆ తుప్పులోంచి అంత రాదు. పోయిన ఆదివారం గంటసేపు మంచి హోల్డరుని అరగదీశానన్నమాట.

కుడిది రేపటికి వదిలి ఇవాళ ఎడమది పట్టుకున్నాను. బల్బు పెట్టి, రివర్సు వేసి ఉంచి, చక్రాల కింద ఇటుకలు పెట్టి, వెలుగుతుండగానే కొలవాలి. నాలుగు మీటర్ల వైరొకటి బ్యాటరీ నుంచి డిక్కీ దాకా లాక్కున్నాను. మూడు కొలతలు:

బల్బు రెండు కొసల మధ్య 7.1 వోల్టులు. బ్యాటరీ ప్లస్సు నుంచి బల్బు ప్లస్సు దాకా నష్టం 0.4. బల్బు ఎర్తు కొస నుంచి బ్యాటరీ మైనస్ దాకా నష్టం 4.7.

కూడితే 12.2, బ్యాటరీ దగ్గర ఉన్నదంతా. అణా పైసలతో సహా లెక్క సరిపోయిన సంతోషం నాలాంటి లెక్కలు రాసేవాడికే తెలుస్తుంది. ముందు నుంచి వెనక్కి కారు పొడుగంతా వైరు, ఫ్యూజు, తాళం, కొత్త స్విచ్చు, ఇన్ని కలిసి తిన్నది 0.4. జానెడు నల్ల వైరూ ఒక బోల్టూ కలిసి తిన్నది 4.7. మేస్త్రి చెప్పిన కిట్టు మార్చి ఉంటే ఆ బోల్టు మళ్లీ అక్కడే బిగించేవాళ్లు.

నిర్ధారణకి ఎర్తు కొస నుంచి డిక్కీ తాళం కొక్కెం దాకా ఇంకో వైరు తాకించాను. లైటు భగ్గుమంది, వెనక గోడ మీద నా నీడ పడింది.

నల్ల వైరు వెంబడి పోతే ప్లాస్టిక్ ప్యానెల్ వెనక్కెళ్లింది. ప్యానెల్ లాగేటప్పుడు రెండు క్లిప్పులు విరిగాయి. పదిహేనేళ్ల ప్లాస్టిక్ బిస్కెట్టుతో సమానం. లోపల చక్రం ఆర్చి పైన బోల్టు, దానికింద నల్ల వైరు కన్ను, అంటే బోల్టు దూరే చివరి రింగు. చూడ్డానికి తుప్పు కూడా పెద్దగా లేదు. బోల్టు విప్పి కన్ను పక్కకి తిప్పితే అడుగున ఇనుము లేదు, బండి రంగుంది. స్క్రూడ్రైవరు మొనతో గోకితే రంగు కింద బూడిదరంగు పొడి రాలింది. లప్పం!

బండి కొన్నప్పుడు "ఒక్క గీత కూడా పడలేదండి, ఫ్యామిలీ బండి" అన్నాడు అమ్మినాయన. ఎడమ వెనక మూల ఎప్పుడో గట్టిగానే తగిలింది, డెంటింగ్ చేసి, లప్పం పెట్టి, రంగు కొట్టి, ఆ రంగు మీదే ఎర్తు బిగించేశారు. ఇన్నాళ్లూ కరెంటు ఆ బోల్టు మరల్లోంచి బాడీలోకి దిగుతోంది. మరలకి తుప్పు పట్టినకొద్దీ దారి ఇరుకైంది.

ఇప్పుడు ఇంకో పాత ముడి కూడా విడింది. ఎడమ ఇండికేటరు వేసి బ్రేకు తొక్కితే, ఆ పక్క టెయిల్ లైటు ఇండికేటరు తాళానికి తగ్గట్టు మినుకుమినుకుమనేది. చాన్నాళ్లుగా చూస్తున్నాను, పట్టించుకోలేదు. ఆ మూల బల్బులన్నిటికీ ఎర్తు ఇదొక్కటే. తూము పూడిపోతే చెరువు నీళ్లు ఊరి పొలాల మీద పడ్డట్టు, ఇక్కడ దిగలేని కరెంటు పక్క బల్బు ఫిలమెంటులోంచి వెనక్కెక్కి, ఆ లైను పట్టుకుని కుడిపక్క ఎర్తు వెతుక్కుంటూ పోతోంది. ఇండికేటరూ టెయిల్ లైటూ కలిసి ఆడుతున్నాయంటే బల్బులు కాదు చూడాల్సింది, ఎర్తు.

రూపాయి బిళ్లంత మేర లప్పం పోయి ఇనుము తెల్లగా మెరిసేదాకా ఎమరీతో గీకాను. కన్నునీ రుద్దాను. పళ్లున్న వాషరు వేసి గట్టిగా బిగించి, పైన పెట్రోలియం జెల్లీ దట్టంగా పూశాను. ముందు పూసి తర్వాత బిగించకూడదు, బిగించాకే పూయాలి. మళ్లీ కొలిస్తే 4.7 కాస్తా 0.05 అయింది. బల్బుకి 11.6 అందుతోంది. ఎక్కువ కరెంటు పారుతోంది కాబట్టి ప్లస్సు వైపు నష్టం కొంచెం పెరిగింది, అది మామూలే.

మార్చి 9, ఆదివారం

కుడిపక్క. జాకీ పెట్టే గూడు వెనక చెయ్యి దూరిస్తే వేళ్లకి ఏదో జిగటగా, లడ్డూ అంత తగిలింది. లాగి చూస్తే నల్ల టేపు ఉండ. ఎండకి టేపు గమ్ము కరిగి తారులా అయింది. సెన్సారు పెట్టినవాళ్ల పని. విప్పేకొద్దీ పొరలు, మా అమ్మ కొత్తావకాయ జాడీకి కట్టే వాసెనలాగ. తేడా ఏంటంటే అమ్మ కట్టిన దాంట్లోకి చెమ్మ పోదు.

లోపల ఎర్ర వైరు తోలు కత్తితో గీకి, సెన్సారు తీగ నాలుగు చుట్లు చుట్టి వదిలేశారు. సోల్డరింగ్ లేదు, ఏమీ లేదు. రాగి ఎక్కడా కనపడట్లేదు. అంతా చిలుము, పచ్చగా, గుడిలో తోమని కంచు గంట మీద పట్టినట్టు. గోరుతో అలా అన్నాను, అంతే, వైరు రెండు ముక్కలై రెండు చేతుల్లోకి వచ్చింది. అన్నాళ్లూ దాన్ని పట్టుకుని ఉన్నది ఆ చిలుమే. నా మీటరుకి 12.1 చూపించిన మహానుభావుడు కూడా అదే. సెన్సారు తీగ కూడా అక్కడికక్కడే పొడైపోయింది.

జాయింటు దగ్గర కత్తిరించి కొత్తది కలిపేద్దామనుకున్నాను గానీ, తోలు ఒలిస్తే లోపల రాగి నల్లగా ఉంది. చెమ్మ తోలు లోపల పోగుల మధ్య నుంచి పాకుతుంది. ఇంకో అంగుళం కోశాను, నలుపే. ఇంకో అంగుళం. నాలుగో అంగుళానికి గులాబీరంగు మెరుపు కనపడింది. రెండో కొస నుంచీ అలాగే మూడంగుళాలు పోయింది. నల్లబడ్డ రాగికి సోల్డరు అంటదు, ముత్యంలా గుండ్రంగా జారిపోతుంది. అంటిందనుకుని మోసపోతే ఆర్నెల్లకి మళ్లీ ఇదే ఉండ విప్పుకోవాలి.

మధ్యలో జానెడు కొత్త వైరు వేశాను, పాతదానికన్నా ఒక వాసి లావుగా. ముందే స్లీవులు, అంటే వేడి చేస్తే ముడుచుకుని జాయింటుని కప్పే గొట్టాలు, ఎక్కించుకున్నాను. (మొదటిసారి మర్చిపోయాను. సోల్డరింగంతా అయ్యాక స్లీవు బల్ల మీద కనపడితే ఎలా ఉంటుందో చేసినవాళ్లకి తెలుసు. ఊడదీసి మళ్లీ చేశాను.) సెన్సారు తీగని కూడా ఈసారి సోల్డరు చేసి, దాని దారిలో ఒక ఆంపియరు ఫ్యూజు పెట్టి, పోయిన వారం పీకిన డబ్బా ప్లగ్గు మళ్లీ తగిలించాను. అగ్గిపెట్టె మంట కాకుండా అమ్మాయి జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో స్లీవులు ముడిపించాను. దానికి అరగంట పట్టింది, అమ్మాయి కోపం అదనం.

"నాన్నా, రివర్సు వెయ్యి."

రెండూ వెలిగాయి. వెంటనే "పీప్" అని సెన్సారు కూడా ఒక్క కూత కూసింది. నాలుగు నెలలు చచ్చిపోయిందనుకున్నది.

ఇంజను వేసి చివరి కొలతలు తీసుకున్నాను. బ్యాటరీ దగ్గర 14.1, ఎడమ బల్బు మీద 13.4, కుడి బల్బు మీద 13.3. రెండు నిమిషాలు వెలగనిచ్చి జాయింట్లు చేత్తో తాకాను, ఎక్కడా వెచ్చదనం లేదు. ఇండికేటరు వేసి బ్రేకు తొక్కితే టెయిల్ లైటు ఇక ఆడట్లేదు.

ఖర్చు: స్విచ్చు 340, సోల్డరూ స్లీవులూ 60, ఎమరీ 10, విరిగిన క్లిప్పుల బదులు కొత్తవి 40. మొత్తం 450. ఒక ఆదివారం గంటసేపు మంచి హోల్డరు అరగదీసిన కూలి ఇందులో వెయ్యలేదు.

రాత్రి బయటికెళ్లొచ్చి బండి వెనక్కి పెడుతుంటే వాచ్‌మన్ ఎప్పట్లా వెనకాల నిలబడ్డాడు. "రండి, రండి" అంటున్నవాడు ఉన్నట్టుండి చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని పక్కకి జరిగాడు.

"కళ్లల్లో కొడుతుందండి బాబూ."

ఒకటి మిగిలింది. సెన్సారు వెనక ఏమీ లేకపోయినా ఆపకుండా కూస్తోంది. రివర్సులో ఉంచి ఒక్కో కన్ను దగ్గరా చెవి పెట్టి విన్నాను. మూడింట్లో గడియారంలా టిక్ టిక్ వినపడుతోంది, కుడి చివరిదాంట్లో లేదు. ఆర్టీఓకి దీంతో పని లేదు కాబట్టి తాపీగా చూస్తాను. ప్రస్తుతానికి డబ్బా ప్లగ్గు మళ్లీ పీకేసి, పీకేశానని ఈసారి కేలండరు మీద రాసిపెట్టాను.